కసిమి గీత

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డుకు దగ్గరగా ఒక కలంకారీ పనివారి ఇల్లు ఉండేది. ముందు వసారాలో పొట్టి బల్లలు, పెరట్లో రాగి గంగాళం, దాని పక్కన మూతికి గుడ్డ కట్టిన కుండ. ఆ కుండలో కసిమి ఉండేది. ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి దాదాపు మూడు వారాలు పులియబెడితే వచ్చే నల్లరంగే కసిమి. ఆ ఇంటి పెద్దాయనకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఆయన దగ్గర ఆరుగురు పని నేర్చుకునేవారు. వాళ్లలో ముని అనే కుర్రాడి చేయి వేరు.

చింతబొగ్గు చేతికిస్తే చాలు, తొండం కొసన మొదలుపెట్టి తోక దాకా చెయ్యి ఎత్తకుండా ఏనుగును గీసేవాడు. గోడ మీద గీసినా, నేల మీద గీసినా ఆ ఏనుగు నడవబోతున్నట్టే ఉండేది. బళ్లో చదువుకునే రోజుల్లో పలక మీద ఏదో బొమ్మ వేస్తే, చూసిన పంతులుగారు ‘వీడు మహా చిత్రకారుడవుతాడు’ అన్నారట. ఆ మాట వీధంతా పాకింది. అప్పటి నుంచి ముని కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు ‘చేతిలో సరస్వతి ఉందిరా నీకు’ అనేవారు.

కానీ మూడేళ్లలో ముని చేతి గుడ్డ ఒక్కటి కూడా పూర్తయి ఆ గడప దాటలేదు.

ఒకసారి గుడ్డ మీద గీతలు అలుక్కుపోయాయి. ఒకసారి కలం ముక్కు విరిగింది. ఇంకోసారి రేపో మాపో రంగు వేస్తాడనగా జ్వరం వచ్చింది. మరోసారి బొగ్గుతో అంతా గీసి, తెల్లారేసరికి తానే చేత్తో రుద్ది చెరిపేశాడు. ‘ఇంకా బాగా రావాలి’ అన్నాడు. ఆ మాటకు అందరూ మెచ్చుకున్నారు కూడా. గుడ్డ చెడినప్పుడల్లా ఇరుగుపొరుగు ఒకే మాట అనేవారు: ‘పాపం, విద్య ఉంది, అదృష్టమే లేదు.’ ఆ మాట మునికి చల్లగా ఉండేది. అదృష్టం లేదంటే తప్పు చేతిది కాదు కదా.

ఇక్కడ కలంకారీ పని గురించి కొంచెం చెప్పాలి. నేత గుడ్డను ముందు ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలో వగరు ఉంది. కసిమిలోని ఇనుము ఆ వగరును తాకినప్పుడే నలుపు పుడుతుంది. గీసేటప్పుడు లేతగా కనిపించిన గీత చూస్తుండగానే కారునలుపవుతుంది. ఇక పాల సంగతి. పాలలోని వెన్న గుడ్డకు పట్టి, రంగును గీసిన చోటే నిలబెడుతుంది. పాలు చాలకపోతే గీత పక్కకు పాకుతుంది, వెంట్రుకంత సన్నగా గీసినది గొంగళిపురుగులా ఉబ్బుతుంది. బొగ్గు గీతను చేత్తో తుడిచేయవచ్చు. కసిమి గీతను తుడవలేం. అందుకే ఈ పనిలో ప్రతి మనిషికీ రెండు ఘడియలు ఉంటాయి. బొగ్గు పట్టుకున్న ఘడియ ఒకటి, కలం కసిమిలో ముంచిన ఘడియ ఒకటి. మొదటిదానిలో ముని రాజు. రెండోదాన్ని ఇంకా ఒక్కసారీ కడదాకా దాటలేదు.

ఒకనాడు ఎవరో భక్తులు వచ్చి కన్నప్ప కథ గీసిన పెద్ద తెర కావాలన్నారు. ఆ ఊళ్లో కన్నప్ప కథ తెలియనివాళ్లు లేరు. గుడికి ఆనుకుని ఉన్న కొండ పేరే కన్నప్ప కొండ. ధూర్జటి తన కావ్యంలో చెప్పిన తిన్నడే ఈ కన్నప్ప. శాస్త్రం తెలియని బోయవాడు. వేటాడిన మాంసం తెచ్చి పెట్టాడు, పుక్కిటపట్టిన నీటితో అభిషేకం చేశాడు. లింగం కంట నెత్తురు కారితే తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు. రెండో కంట నెత్తురు కారింది. ఉన్న ఒక్క కన్నూ తీస్తే తాను చూడలేడు కనుక, చోటు తప్పిపోకుండా కాలి బొటనవేలు లింగం కంటి దగ్గర ఆనించి బాణం ఎత్తాడు. తెర మీద రావలసింది సరిగ్గా ఆ క్షణమే.

పెద్దాయన అందరినీ పక్కకు పిలిచి, “ఈ తెర ముని గీస్తాడు. మొదలు నుంచి కడదాకా వీడే. గుడ్డ నానబెట్టేది కూడా వీడే” అన్నాడు.

ముని తలూపాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ‘సరస్వతి ఉందన్నారు. రేపు తెర మీద ఆ సరస్వతి కనపడకపోతే? ఇన్నాళ్లూ వీళ్లు పొగిడింది అబద్ధమని తేలిపోతే?’ పంతులుగారి మాట, వీధివాళ్ల మాట అన్నీ కలిసి గుండె మీద బండరాయిలా కూర్చున్నాయి.

తెల్లవారుజామున లేచి గంగాళం దగ్గరికి వెళ్లాడు. ఆ కొలత గుడ్డకు రెండు చెంబుల పాలు కావాలి. ఒక చెంబు పోశాడు. రెండో చెంబు ఎత్తి, కాసేపు చూసి, పక్కన పెట్టాడు. దాని బదులు నీళ్లు పోశాడు. ఎందుకు పోశావని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేవాడే. కానీ నీళ్లు పోసిన తరువాత మనసు తేలికపడింది. గుడ్డ పిండి తీగ మీద ఆరేసి వచ్చి, హాయిగా ఒక నిద్ర తీశాడు.

అతను నిద్రపోతుండగా పెద్దాయన పెరట్లోకి వచ్చాడు. తీగ మీది గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. యాభై ఏళ్లుగా అదే పని చేస్తున్న వేళ్లకు చెంబు లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన ఏమీ అనలేదు. ఆ గుడ్డ తీసి మడిచి, లోపల తాను ముందే సిద్ధం చేసుకున్న అదే కొలత గుడ్డను తెచ్చి అదే చోట ఆరేశాడు.

మధ్యాహ్నానికి ముని గుడ్డను బల్ల మీద పరిచాడు. చింతబొగ్గు పట్టుకున్నాడు. ఎలాగూ పాడయ్యే గుడ్డే కదా అనుకున్నాడు. ఆ అనుకోవడంతో చేతికి కట్లు తెగినట్టయింది. తిన్నడి వీపు వంపు ఒక్క ఊపులో వచ్చింది. లింగం మీద ఆనించిన బొటనవేలు, ఎత్తిన బాణం, విల్లు పడిపోయిన తీరు, వెనుక చెట్టు మీద ఉలిక్కిపడిన కోతి. పని చేసుకుంటున్న మిగతా ఐదుగురూ ఒక్కొక్కరే లేచి వచ్చి అతని వెనుక నిలబడ్డారు. ఎవరూ మాట్లాడలేదు.

తరువాత కలం తీసుకున్నాడు. చెక్కిన వెదురు పుల్ల, దాని నడుముకు ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించి కట్టిన కలం. కసిమిలో ముంచి, తిన్నడి మడమ దగ్గర మొదటి గీత గీశాడు. అది పాకడం కోసం ఎదురుచూశాడు. ‘అయ్యో, గుడ్డ చెడింది’ అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

గీత పాకలేదు. వెంట్రుకంత సన్నగా నిలబడి, చూస్తుండగానే నల్లబడింది.

ముని చేతిలో కలం వణికింది. ఇంకో గీత గీశాడు. అదీ నిలబడింది. అప్పుడు భయం వేసింది, మూడేళ్లలో ఎన్నడూ వేయనంత భయం. కలం కింద పెట్టి పెద్దాయన దగ్గరికి వెళ్లాడు.

“తాతా, గుడ్డ మార్చినావా?”

పెద్దాయన కరక్కాయలు దంచుతూ తల ఎత్తలేదు. “నువ్వు పాలు ఎన్ని పోసినావు నాయనా?”

ముని నేల చూశాడు.

“మొదటిసారి గీతలు అలుక్కుపోయినప్పుడు కూడా ఇట్లే పోసినావా?”

చాలాసేపటికి ముని, “అప్పుడు తెలిసి చేయలేదు తాతా” అన్నాడు. కాసేపు ఆగి, “తెలీకుండా కూడా చేయలేదు” అన్నాడు. అంతలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దాయన రోకలి పక్కన పెట్టాడు. “రా” అని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. అటక కింద ఒక పాత పెట్టె ఉంది. మూత తీశాడు. లోపల మడతలు మడతలుగా గుడ్డలు. ఒకటి విప్పాడు. దాని మీద ఏమీ లేదు, బూడిద రంగు మరక తప్ప. ఇంకొకటి విప్పాడు. అదీ అంతే. అన్నీ అంతే.

“ఇవి మా పెద్దన్నవి. ఈ విద్య ఆరిపోతాదేమో అన్న రోజుల్లో, కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో మన ఊళ్లో నేర్పే కేంద్రం పెట్టినారు. ఆ కాలంలోనే మేమిద్దరం ఈ పనిలోకి వచ్చినాము. చెయ్యి నాది కాదురా, ఆయనది. నేను నెల రోజులు కూర్చున్నా రాని మొగం, ఆయనకు పొద్దు గూకేలోపల వచ్చేది. అయితే ఏ గుడ్డ మీదా కలం పెట్టలేదు. ఇంకా బాగా రావాల, ఇంకా బాగా రావాల అని బొగ్గుతోనే ఆపి పెట్టెలో పెట్టేది. ఆయన పోయిన కొన్నేళ్లకు నేను పెట్టె తీసినాను. మడతల్లో రాపిడికి బొగ్గంతా రాలిపోయింది. రాముడేదో, రావణుడేదో తెలీలేదు. నాకంటే పెద్ద పనిమంతుడు ఈ ఊళ్లో ఒకడుండెనని చెప్పడానికి నా నోరు తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు.”

ముని ఆ మరకల మీద వేలు పెట్టి చూశాడు. వేలికి కొంచెం నలుపు అంటింది.

“ఈ పొద్దు బొగ్గుతో గీస్తా ఉంటే నీ చెయ్యి ఎట్ల పోయిందో చూసుకున్నావా?” అన్నాడు పెద్దాయన. “గుడ్డ ఎట్లా పాడయ్యేదే అనుకున్నావు. ఎవురేమంటారో అన్న లెక్క పోయింది. ఆ చెయ్యి నీదే. గుడ్డ మంచిదని తెలిసినాక కూడా ఆ చెయ్యితోనే గీయి. పోయి కూర్చో.”

ముని వెళ్లి కూర్చున్నాడు. మొదటి రోజు మూర కూడా సాగలేదు. చేయి వణికినప్పుడల్లా కలం ఎత్తి, ఊపిరి పీల్చి, మళ్లీ పెట్టాడు. రెండో రోజు కాళ్లు, విల్లు, చెట్టు అయ్యాయి. నాలుగో రోజుకు తిన్నడి కన్ను మిగిలింది. కాసేపట్లో పెకలించబోయే ఆ ఒక్క కన్ను. కథంతా దానిలోనే ఉంది. ముని పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా దాని ముందు కూర్చున్నాడు. తలనొప్పిగా ఉందనిపించింది. రేపు గీద్దామనిపించింది. కలం ముక్కు మొద్దుబారిందేమో అనిపించింది. ఒక్కొక్కటీ వచ్చి నిలబడుతుంటే, ఇప్పుడు వాటి మొహాలు గుర్తుపట్టగలిగాడు. ‘మీరు మళ్లీ వచ్చారా’ అనుకుని, కసిమిలో కలం ముంచి కన్ను గీశాడు.

కన్ను బియ్యపు గింజంత పెద్దదయింది.

ముని గుండె జారింది. “తాతా, కన్ను పెద్దదయిపోయింది” అని కేక పెట్టాడు.

పెద్దాయన వచ్చి వంగి చూశాడు. మునిని ఓదార్చడానికి బాగానే ఉందని అబద్ధం చెప్పలేదు. “అవును, పెద్దదయింది” అన్నాడు. “తప్పు తప్పే. దీన్ని ఇప్పుడు దిద్దలేవు. వచ్చే గుడ్డలో దిద్దుకో. లే, పటిక కలపాల.”

ఎర్రరంగు రావలసిన చోటల్లా పటిక నీళ్లు పూశారు. గుడ్డను స్వర్ణముఖికి తీసుకుపోయి పారే నీటిలో ఆడించారు. ఎర్రవేరు వేసిన గంగాళంలో ఉడికించారు. మళ్లీ ఏరు, మళ్లీ ఇసుక మీద ఎండ. తరువాత పసుపు, తరువాత నీలం. నీళ్లు ఎన్నిసార్లు తగిలినా కసిమి గీత చెక్కు చెదరలేదు. తెర పూర్తయింది. ముని చేతి గుడ్డ మొదటిసారి ఆ గడప దాటింది.

చూసినవాళ్లు మెచ్చుకున్నారు. మునికి మాత్రం ఆ కన్నే కనపడింది. అయితే ఈసారి అతనికి తప్పు ఎక్కడుందో తెలుసు, ఎంత ఉందో తెలుసు. మూడేళ్లుగా దిద్దుకోవడానికి అతని దగ్గర ఒక్క తప్పు కూడా లేదు. రెండో తెరలో కన్ను కుదిరింది, చేతి వేళ్లు కొంచెం పొట్టివయ్యాయి. మూడో తెరలో వేళ్లు కుదిరాయి.

రెండో తెర కోసం గుడ్డ నానబెట్టిన రోజు, ముని రెండు చెంబుల పాలూ నిండుగా పోశాడు. పెద్దాయన పెరట్లోకి వచ్చాడు. తీగ మీది గుడ్డను ముట్టుకోకుండానే దాటి వెళ్లిపోయాడు.

నీతి

‘ఆడలేక మద్దెల ఓడు’ అని మన పెద్దలు అన్నారు. చేతకానివాడి సాకు గురించిన మాట అది. ముని జబ్బు దానికి తలకిందులు. అతను ఆడగలడు. ఆడి చూపించాల్సి వస్తుందేమోనన్న భయంతో ముందు రాత్రే మద్దెలకు చిల్లు పెట్టుకున్నాడు. చేతకానివాడు ఓడిన తరువాత సాకు వెతుక్కుంటాడు. చేతనైనవాడు పని మొదలుపెట్టక ముందే సాకు తయారు చేసి పెట్టుకుంటాడు. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే అది బయటికి దురదృష్టంలాగో, వినయంలాగో, ‘ఇంకా బాగా రావాలి’ అనే పట్టుదలలాగో కనపడుతుంది.

ఇది కథల్లోనే జరిగేది కాదు. అమెరికాలో స్టీవెన్ బెర్గ్‌లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరు విద్యార్థులకు చాలావరకు జవాబే లేని ప్రశ్నలిచ్చి, ఏం రాసినా ‘చాలా బాగా చేశారు’ అని పొగిడారు. ఎందుకు నెగ్గారో వాళ్లకే తెలియదు. తరువాత రెండో పరీక్ష ముందు రెండు మందులు చూపించి, ఒకటి బుర్రకు పదును పెడుతుందని, రెండోది మందగింపజేస్తుందని చెప్పి, ఏది కావాలో కోరుకోమన్నారు. అలా ఊరికే పొగడ్త పొందిన మగ విద్యార్థుల్లో ఎక్కువమంది మందగింపజేసేదాన్ని కోరుకున్నారు. తప్పితే మందు మీదికి తోసేయవచ్చు. గెలిస్తే మందు వేసుకుని కూడా గెలిచాడన్న పేరు. ముని రెండో చెంబు బదులు పోసిన నీళ్లు సరిగ్గా ఆ మందే.

చుట్టూ చూస్తే ఆ చెంబు ఎన్ని ఇళ్లలో ఉందో కనపడుతుంది. పరీక్ష ముందు రాత్రి సినిమాకు వెళ్లి, ‘చదవలేదురా, చదివి ఉంటే నాకెంత’ అనే తెలివైన కుర్రాడి చేతిలో ఉంది. కచేరీకి పిలిస్తే వారం నుంచి గొంతు బాగాలేదనే మంచి గాయని చేతిలో ఉంది. దరఖాస్తు గడువు చివరి రాత్రి దాకా ఆగి, ‘సర్వర్ పనిచేయలేదు’ అని ఊపిరి పీల్చుకునే ఉద్యోగి చేతిలో ఉంది. సొరుగు నిండా సగం రాసిన కథలున్న రచయిత దగ్గర, పెద్దన్న పెట్టె లాంటి పెట్టే ఉంది. వీళ్లెవరూ సోమరులు కారు. తమ విలువ తేలిపోతుందని భయపడుతున్నవాళ్లు. ఆ భయాన్ని ఎగతాళి చేయకూడదు. అలాగని దానికి పాలచెంబు అప్పగించకూడదు.

పుట్టుకతో వచ్చిన నేర్పు గుడ్డకు పట్టిన కరక్కాయ వగరు లాంటిది. కంటికి కనపడదు. అది ఉందో లేదో గుడ్డను ఎంత చూసినా తేలదు. కలం తగిలితేనే నలుపు పుడుతుంది. పని చేయకుండా ‘నాలో విద్య ఉందా లేదా’ అని కూర్చుని ఆలోచించేవాడికి జవాబు ఎప్పటికీ దొరకదు. ఇక చెరిగిపోదన్న భయంతో బొగ్గు దగ్గరే ఆగిపోతే, బొగ్గు గీత కూడా మిగలదు. వాడని విద్య భద్రంగా ఉంటుందని అనుకుంటాం. పెట్టెలో పెట్టిన ఆ గుడ్డలు చూసినవాళ్లు అలా అనుకోలేరు.

తిన్నడు తన పూజ శాస్త్రానికి సరిపోతుందా అని అడగలేదు. ఉన్నది పెట్టాడు. అతని కన్ను చివరికి అతని పేరయింది.

పిల్లలున్నవాళ్లకు ఒక మనవి. ‘నీకు పుట్టుకతోనే వచ్చింది’ అని చేతిని పొగడకండి. ఆ మాట వాళ్ల మీద బరువవుతుంది. చేసిన పనిని చూడండి, ‘ఈ వంపు బాగా కుదిరింది, ఈ కన్ను పెద్దదయింది’ అని చెప్పండి. అది వాళ్లకు దారి అవుతుంది.

విద్య ఉండీ ఆగిపోయిన ప్రతివారికీ ఇంకో మనవి. మీ సాకు మీకు తెలుసు. అది పని కంటే ముందే వచ్చి కూర్చుంటుంది, అదే దాని గుర్తు. రేపటి పనికి కావలసిన ఏర్పాటు ఈ రాత్రే పూర్తిగా చేయండి. మీకు దగ్గరివాళ్లు ఒకరిని పిలిచి, ‘నేను పాలు తక్కువ పోస్తే గుడ్డ మార్చు’ అని చెప్పండి. చిన్నదైనా సరే, ఒక్కటి కడదాకా తీసుకుపోండి. కన్ను పెద్దదైతే కానివ్వండి. రెండో గుడ్డ ఉంది. ముందు రెండో చెంబు కూడా నిండుగా పోసి, కలం కసిమిలో ముంచండి.